తెల్లరాయి కోసం తవ్విన గుంటలు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. పడమట సముద్రం వైపు నుంచి మబ్బు చెట్ల తలల మీదికి దిగింది. కాసేపు తుంపర రాల్చింది, కాసేపు ఊరికే వేలాడింది. మబ్బు పైన ఎక్కడో అడవిబాతులు అరుస్తున్నాయి గాని కనపడలేదు. చెరువు అవతల, గుట్ట వెనక, కంపెనీ క్యాంపు జనరేటర్ మోత మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"తలుపు గుడ్డ దించరా, చలి వస్తోంది," అంది హారియట్ పెద్దమ్మ గుడారం లోపల్నుంచి.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. వేసవంతా దక్షిణాన పట్నం ఆసుపత్రిలో ఉండి, అక్కడి తిండి గొంతు దిగక సగమై వచ్చింది. ఊళ్ళోనే నర్సు కళ్ళముందు ఉండమన్నారు డాక్టర్లు. ఆవిడ వినలేదు, అడవిలో మా వేట గుడారానికే వస్తానంది. "చెరువు గడ్డకట్టేలోపు వచ్చేస్తాను," అని నర్సుకి చెప్పి, మూట తెచ్చి నా పికప్‌లో పెట్టుకుని కూర్చుంది. వచ్చే ఏడు ఆకురాలే కాలానికి తను ఉండదని ఆవిడకి తెలుసు. మాకూ తెలుసు. అందుకే ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

వచ్చిన దగ్గర్నుంచి ఒక్కటే అడుగుతోంది. కాలినగుట్ట తాత కొవ్వు కావాలని.

అడవిలో ఉన్నంతసేపూ ఎలుగుబంటిని, ఈ ఉత్తరాది నేల మీద వేటాడి బతికే మేం, పేరు పెట్టి పిలవం. తాత అంటాం. చలికాలం నిద్రకి ముందు ఆ గుట్ట మీద నల్లపండ్లు తిని తిని బలుస్తాడు. పెద్దమ్మ మొగుడు ఏటా అక్కడే కొట్టేవాడు. ఆ కొవ్వు కరిగించి, వేడి రొట్టెకి రాసుకుని ఒక్కసారి తినాలని ఆవిడ కోరిక. ఇంకేది పెట్టినా రెండు ముక్కలు కొరికి పక్కన పెడుతోంది. నేను తెస్తానన్నాను. ఆ మాట అన్నాక నాకూ సరిగ్గా నిద్రపట్టడం లేదు.

గుట్ట మీద ఇప్పుడు కంపెనీ ఉంది. వాళ్ళకి కావలసింది తెల్లరాయి. అందులో లేత ఆకుపచ్చ చాయ పలకలు ఉంటాయి, లిథియం ఆ పలకల్లో ఉంటుందట. రాయి పైకి కనపడదు. పూర్వం ఈ నేలంతా మంచు కింద ఉండేది. ఆ మంచు ఈశాన్యం నుంచి నైరుతికి పాకుతూ, కొండల నెత్తి గీరి, ఆ మన్నూ రాళ్ళూ అన్నిటి మీదా కప్పేసి కరిగిపోయింది. కాబట్టి తెల్లరాయి ముక్కలు దొరికితే, వాటిని పట్టుకుని మంచు వచ్చిన వైపుకి ఎదురు నడవాలి. ముక్కలు ఎక్కడ ఆగిపోతాయో అక్కడ, మన్ను కింద, తల్లిరాయి ఉంటుంది. ఇదంతా నాకు చెప్పింది ఎటియెన్. కంపెనీ తరఫు రాళ్ళ చదువు చదివినవాడు. కుర్రవాడు. వాడి లెక్క చాలాసార్లు కరెక్టే అయింది.

ఈ అడవికి వేటపెద్దని నేను. నాతో ఒక మాట చెప్పకుండా ఎవరూ ఇక్కడ పొయ్యి వెలిగించరు. క్యాంపు పెట్టేముందు వాళ్ళు నాకు మాట ఇచ్చారు. చెత్తంతా కాల్చేస్తామన్నారు. రాయి కోసం తవ్విన గుంటలు తవ్విన మన్నుతోనే పూడ్చేస్తామన్నారు. సరే అన్నాను. నేనూ నా బావమరిది సింక్లెయిరూ వాళ్ళకి కూలికి కూడా వెళ్ళాం. అడవిలో దారులు కొట్టాం, చెట్లకి గులాబీ రంగు రిబ్బన్లు కట్టాం, గుంటల్లో మన్ను సంచులకెత్తి మోశాం.

ఆ రోజు మాకు సెలవు. సింక్లెయిర్ తుపాకీ భుజాన వేసుకుని వచ్చాడు.

"లేచావా బావా, లేక మా అత్త పక్కన పసిపిల్లాడిలా ఇంకా ముడుచుకున్నావా?"

"నీ తూటా కంటే నీ నోరే దూరం పోతుంది," అన్నాను.

"ఏరా, పోయినేడు తాత నిన్ను తరిమాడటగా," అంది పెద్దమ్మ.

"తరమలేదత్తా. ఇద్దరం ఒకే దారిన పరిగెత్తాం. నేను ముందున్నాను, అంతే."

ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. నా భార్య లిలియన్ వీపు నిమిరింది. మేం పడవ ఎక్కాం.

గుట్ట మీద పండ్లు విరగకాసి ఉన్నాయి. తిన్నవాడు లేడు. పొదలు చెక్కుచెదరలేదు, కింద పెంట లేదు. నాకు మనసులో ఏదో తేడా కొట్టింది. అడుగుల జాడ మాత్రం దొరికింది. పండ్లని వదిలేసి, మేం కొట్టిన దారి వెంటే, క్యాంపు వైపు తిన్నగా పోయింది. రోజూ నడిచిన దారిలా నున్నగా అయింది.

దారి మలుపులో తాత కనపడ్డాడు. మనిషి వాసన తగిలితే కొండ దాటిపోయే జాతి. వీడు కదల్లేదు. ముక్కెత్తి మా వైపు రెండడుగులు వేశాడు. చేతిలో ఏం తెచ్చారా అని చూశాడు.

"బావా, వీడు మనల్ని వంటవాళ్ళనుకుంటున్నాడు," అన్నాడు సింక్లెయిర్ మెల్లగా.

నేను కాల్చాను. ఒక్క తూటాకే పడ్డాడు. దగ్గరికెళ్ళి, చేయాల్సిన పద్ధతిలో క్షమించమని అడిగాను, ఎవరి కోసం కొట్టానో చెప్పాను, పొగాకు పెట్టాను. తర్వాత కత్తి తీశాను.

నా వయసులో చాలామంది తాతల్ని కోశాను. ఈ కాలంలో కొవ్వు పాలలా తెల్లగా, గట్టిగా ఉంటుంది. దానికి పండ్ల తీపి వాసన ఉంటుంది. ఇది పసుపూ బూడిదా కలిసిన రంగులో ఉంది, వేలు పెడితే జారింది. మళ్ళీ మళ్ళీ కాగిన నూనె కంపు కొట్టింది. సింక్లెయిర్ ముక్కుకి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కడుపు కోశాను. నీలం ప్లాస్టిక్ గ్లవ్స్ వచ్చాయి. పందిమాంసం పొట్లాల కవర్లు, కోడి ఎముకలు, అంట్ల స్పాంజి, మేం మన్ను నింపే సంచుల ముక్కలు వచ్చాయి. వాటికి చుట్టుకుని గులాబీ రిబ్బను బారెడు వచ్చింది. ఆ రిబ్బను కట్టిన ముడి నాదే.

సింక్లెయిర్ వెనక్కి జరిగి కొమ్మలు నరకడం మొదలుపెట్టాడు.

తాతని కుక్కలు ముట్టకూడదు, అందుకని కళేబరాన్ని ఆ కొమ్మలతో కప్పాం. పిడికెడు కొవ్వు మాత్రం బర్చ్ చెట్టు బెరడులో చుట్టి జేబులో పెట్టుకున్నాను. చూపించకపోతే పెద్దమ్మ నమ్మదు.

క్యాంపులో అందరూ హుషారుగా ఉన్నారు. ముందురోజు సాయంత్రం డ్రిల్లు తల్లిరాయికి తగిలిందట. ఎటియెన్ పరిగెత్తుకొచ్చాడు. చేతిలో డ్రిల్లు తీసిన, రోకలి ముక్కలా గుండ్రని తెల్లరాయి, దాని నిండా ఆకుపచ్చ పలకలు.

"దొరికింది! మీరు చూపించిన వాగు పక్కనే, మన్ను కింద..." అని నా చేతులు చూసి ఆగిపోయాడు. మోచేతుల దాకా నెత్తురు, జిడ్డు.

"చెత్త ఎక్కడ కాలుస్తున్నారు?" అన్నాను.

వాడు క్యాంపు మేనేజర్ రెజాన్ వైపు చూశాడు. రెజాన్ కాఫీ కప్పు పట్టుకుని వంటశాల మెట్ల మీద నిలబడ్డాడు.

"కాల్చే మెషీన్ వేసవిలోనే పాడైంది. పార్టు దక్షిణం నుంచి రావాలి. అందాకా పాత గుంటల్లో వేసి పూడుస్తున్నాం. ఎవరికి కనపడుతుంది? ఈ దేశంలో మట్టికి కరువా?"

"అవి మన్ను చూడ్డానికి తవ్విన గుంటలు," అన్నాడు ఎటియెన్. వాడికి తెలియదని వాడి మొహమే చెప్పింది.

"చూశాంగా. చూశాక ఖాళీగానే ఉన్నాయి," అన్నాడు రెజాన్. తర్వాత నా వైపు తిరిగి గొంతు మెత్తన చేశాడు. "మీ పెద్దావిడకి మాంసం కావాలన్నారు కదా. వంటశాలలో కోడి ఉంది, పంది ఉంది. కావలసినంత పట్టుకెళ్ళండి."

"వాటిని ఇందాకే చూశాం. తాత కడుపులో," అన్నాడు సింక్లెయిర్.

రెజాన్ నవ్వబోయాడు. మేమిద్దరం నవ్వకపోయేసరికి కాఫీ తాగాడు.

"ప్రొక్లెయిన్ తీసుకురండి. గుంటలన్నీ తవ్వండి, ఇవాళే," అన్నాను.

"ఇవాళ కుదరదు. రేపు పెద్దవాళ్ళు హెలికాప్టర్‌లో వస్తున్నారు. తల్లిరాయి మీద మన్ను ఒలిచి చూపించాలి. మెషీన్ అక్కడుంది."

"రేపు వచ్చేవాళ్ళు చలికాలం గడ్డకట్టిన నేల మీద వేసే రోడ్డుకి నా చేత సరే అనిపించుకోవడానికి వస్తున్నారు కదా?"

"అవును."

"అనను."

నా మాటతో కంపెనీ ఆగిపోతుందని నేననుకోలేదు. దక్షిణాన ఆఫీసుల్లో వాళ్ళకి వేరే దారులుంటాయి. అయినా ఈ నోటితో సరే అనడం నా చేతిలో పని. కడుపులోంచి తీసిన ఆ కంగాళీ చూశాక ఆ మాట నాకు నోట రాదు.

ఎటియెన్ చేతిలోని రాయిని మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. కాసేపటికి ప్రొక్లెయిన్ గుట్ట దిగి రావడం వినపడింది. "అది వదిలి వచ్చావంటే రేపు నువ్వే జవాబు చెప్పుకోవాలి," అని రెజాన్ అరిచాడు. "చెప్పుకుంటాను," అన్నాడు వాడు వెనక్కి చూడకుండా.

మొదటి గుంట మీద మన్ను కొత్తది. తాతలు ఒక పక్కంతా గీకి బొరియ చేశారు. ప్రొక్లెయిన్ తొట్టి దిగి లేవగానే వచ్చిన కంపుకి డ్రైవర్ మెషీన్ ఆపి కిందికి దూకాడు. నల్లసంచులు పగిలి ఉన్నాయి. పురుగులు అన్నం ఉడికినట్టు కదులుతున్నాయి. గుంట అడుగున బూడిదరంగు రసం నిలిచి, ఇసుకలోంచి దారి చేసుకుని వాగు వైపు దిగుతోంది. ఎటియెన్ పక్కకెళ్ళి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని వచ్చి, పార పట్టాడు. రెజాన్ గాలికి ఎదురుగా దూరంగా నిలబడి సిగరెట్ కాల్చాడు. నాకు కోపం రాలేదు. కోపమైతే అరిస్తే పోతుంది. ఈ రోత నాలుక వెనక అంటుకుని కూర్చుంది.

నేనూ సింక్లెయిరూ ఆ పనికి చెయ్యి వెయ్యలేదు. అది మా పని కాదు. మేం చేయాల్సిన పని తాత దగ్గర ఉంది. పెద్ద మంట వేసి మాంసం కాల్చేశాం. పుర్రె శుభ్రం చేసి, మూతికి పొగాకు కట్టి, చెరువు కనపడేలా చెట్టుకి ఎత్తి కట్టాం. అన్నిటికీ పద్ధతి పాటించాం. తినడం ఒక్కటి తప్ప.

గుడారానికి వచ్చేసరికి మబ్బు విడిపోయి, వాలిన ఎండ పడుతోంది. పెద్దమ్మ కొమ్మల పరుపు మీద లేచి కూర్చుని ఉంది. జుట్టు దువ్వించుకుంది. పొయ్యి పక్కన రొట్టె పిండి కలిపి సిద్ధంగా ఉంది.

"తుపాకీ మోత విన్నాను. దొరికాడా?"

"దొరికాడు."

"ఏదీ?"

బెరడు విప్పి చేతిలో పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసింది. చూపుడువేలితో నొక్కింది. ఆ వేలు ఎటు తుడుచుకోవాలో తెలియక గాల్లో అలాగే పట్టుకుంది. లిలియన్ తడిగుడ్డతో తుడిచింది.

"వంటింటి మురికి," అంది పెద్దమ్మ. "వాడి తప్పేముంది. పెట్టింది తిన్నాడు. పుర్రె కట్టావా?"

"కట్టాను."

"కుక్కలకి వెయ్యలేదుగా?"

"కాల్చేశాం."

"ఇంకోడు దొరకడా? పండ్లు తిన్నవాడు?"

సింక్లెయిర్ పొయ్యిలోకి కట్టె ఎగదోశాడు.

"గుట్ట మీద పండ్లు ఎవరూ ముట్టలేదు పెద్దమ్మా. జాడలన్నీ అటే పోయాయి," అన్నాను.

ఆవిడ ఆ బెరడుని పొయ్యిలో పడేయించింది. కొవ్వు చిటచిటలాడి, క్యాంపు వంటశాల వాసన గుడారమంతా నిండింది. అది పోయేదాకా తలుపు గుడ్డ ఎత్తి ఉంచాల్సి వచ్చింది. చలి వస్తోందని ఆవిడ అనలేదు.

ఒడ్డుకి పడవ తగిలి, బయట అడుగుల చప్పుడైంది. ఎటియెన్. నడుం దాకా బురద, చేతులు వేలాడుతున్నాయి. లోపలికి రాకుండా చెప్పాడు. "చాలావరకు తవ్వాం. ఇంకా రెండు ఉన్నాయి, అవి రేపు. సంచులన్నీ లారీలో దక్షిణానికి వెళ్తాయి. హెలికాప్టర్ వాళ్ళకి చూపించేది ఆ గుంటలే."

"ఎవరది? చచ్చిన చేపలా కంపు," అంది పెద్దమ్మ మా భాషలో.

"రాళ్ళ కుర్రాడు."

"చేతులు కడుక్కుని కూర్చోమను."

వాడు చెరువులో మోచేతుల దాకా ఇసుకతో తోముకుని వచ్చి, తలుపు దగ్గర కూర్చున్నాడు. లిలియన్ రొట్టె కాల్చింది. సింక్లెయిర్ పైవాగు దాటి, గుంటల రసం చేరని అవతలి చెరువులో ముందే వల వేసి ఉంచాడు, అందులో తెల్లచేపలు పడ్డాయి. వాటిని ఉడకబెట్టి, పులుసుతో పాటు గిన్నెల్లో పోసింది.

పెద్దమ్మ చేపముక్క తీసి, నోటి దాకా తెచ్చి ఆపి, వాసన చూసింది. నేను పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ తన నేల మీది తిండిని వాసన చూడ్డం చూడలేదు. ఆవిడ తిన్నాక లిలియన్ వాసన చూసింది, సింక్లెయిర్ చూశాడు. నేనూ చూసి నోట్లో పెట్టుకున్నాను.