మంచమంత మబ్బు

జీవానందం రోజూ పొద్దు పొడవకముందే లేచి, చద్దన్నం తిని, విడవలూరు అవతల ఉప్పు మళ్ళకు నడిచిపోయేవాడు. మడిలోకి సముద్రపు నీళ్ళు వదలడం, ఎండకు పేరుకున్న ఉప్పును చెక్కపారతో గట్టుకు లాగడం అతని పని. ఆనందం అని పిలుచుకునే పెళ్ళాం ఆనందకుమారి కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. పూడ్చి వస్తుంటే మంచమంత మబ్బు ఒకటి అతని నెత్తి మీదికి వచ్చి ఆగింది. అప్పటినుంచీ అతని వెంటే ఉంది. ఆమె తలపుకొస్తే కురిసేది.

ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. నారు ఎండిపోతున్నవాళ్ళు అతన్ని పిలిచి గట్టు మీద కూర్చోబెట్టుకునేవాళ్ళు. వడియాలు పెట్టిన ఆడవాళ్ళు మాత్రం "అన్నా, ఆ పక్కనుంచి పో!" అని చేతులూపేవాళ్ళు. చిక్కంతా ఉప్పు దగ్గరే. ఒక మధ్యాహ్నం కుప్ప పక్కన నిలబడి ఏదో తలుచుకున్నాడు. కుప్ప సగం కరిగిపోయింది.

మేస్త్రీ పోలేరయ్య తల పట్టుకున్నాడు.

"నిన్ను నేనేమీ అనను జీవానందం. నీ మబ్బుతోనే నాకు తంటా. దాన్ని వదిలించుకొనిరా, మర్నాడే పనిలో పెట్టుకుంటా. లేదంటే గూడూరు పో, అభ్రకం గనికి. నేల కింద పని. ఆడ వానొచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే."

జీవానందం గూడూరుకని నెల్లూరులో రైలుబండెక్కి నిద్రపోయాడు. కళ్ళు తెరిస్తే మద్రాసు. తిరుగు బండి సాయంత్రమేనని కూలీ ఎవరో చెప్పాడు. చేసేదేమీ లేక బయటికి నడిచాడు.

స్టేషను దగ్గరే జంతువుల తోట ఉంది. పల్లెలవాళ్ళు దాన్ని బతికిన కాలేజీ అనీ, మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ అనేవాళ్ళు. జీవానందం బతికినదాంట్లోకే పోయాడు. బోనులో ఒక ముసలి నెమలి అతని మబ్బును చూసి పురి విప్పింది.

"ఈ నెమలి ఆడడం నేనెప్పుడూ చూడలేదయ్యా!" అన్నాడు కావలివాడు.

జీవానందం తల పైకెత్తి, "చూసినావా ఆనందం?" అన్నాడు. ఆమె పోయాక ఆమెతో మాట్లాడడం అదే మొదలు.

ఇక చూపించడమే పనైంది. దుకాణాల గాజు బీరువాల్లో బొమ్మలకు కట్టిన చీరలు చూపించాడు. హైకోర్టు మీద ఓడల కోసం వెలిగే దీపపు గోపురం చూపించాడు. బస్సెక్కబోతే కండక్టరు, "అది లోపలికి రాకూడదు, పైనే రమ్మను" అన్నాడు. పైనే వచ్చింది. గూడూరు సంగతే మరిచిపోయాడు. అంతసేపట్లో ఒక్క చినుకు రాలలేదు.

సముద్రపు ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. వేరుశనక్కాయలమ్మే ముసలామె అతని నెల్లూరు యాస విని, "మాది కోవూరు నాయనా. నన్ను జమాల్‌బీ అంటారు" అని గుప్పెడు కాయలు చేతిలో పోసింది. కాయలు ఒలుస్తుండగా నీళ్ళ మీదనుంచి మబ్బులు లేచి వచ్చాయి. చూస్తూ చూస్తూ ఉండగానే ఆకాశమంతా కమ్ముకున్నాయి. జీవానందం తలెత్తాడు. నెత్తి మీద మంచమంతది లేదు. అన్నీ మబ్బులే.

ఇసుకలో పడి పరిగెత్తాడు. "ఆనందం! ఇట్రా! ఇట్రావే!"

"ఏది నాయనా నీది?" అని ముసలామె కూడా మెడ ఎత్తి వెతికింది.

ఏది తనదో చెప్పలేకపోయాడు. వాన మొదలైంది. పట్నమంతా ఒకే వాన. జనం చెట్ల కిందికి, చూర్ల కిందికి పరిగెత్తారు. అతను దోసిలి పట్టి నిలబడ్డాడు. దోసిలి నిండి కారిపోతోంది. ఏ చినుకు ఆమెదో తెలియలేదు.

వాన వెలిసి, ఆకాశం తేటపడింది. జమాల్‌బీ తడిసిన బుట్ట విదిలించుకుంటూ వచ్చింది. సంగతంతా విని నిట్టూర్చింది.

"పోనీలే నాయనా. నీ ఉప్పు పని నీకొస్తుంది. ఇక బండికి పో."

జీవానందం తడి ఇసుక మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఎక్కడికి పోయేది అవ్వా? నా ఆనందం ఈ ఊళ్ళో కురిసిపోయింది."