మొదట పెట్టిన పేరు

ఆ ఇంటికి పద్నాలుగు మెట్లు. కింద గదిలో పెద్దకోడలి కుట్టుమిషను, పైగదిలో చిన్నకోడలి కంప్యూటరు, మధ్యలో అత్తగారూ ఆవిడ మోకాళ్ళూ.

తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేక మూడు నెలలైంది. ఎందుకంటే చెప్పుకోవడానికి కూడా సిగ్గే. పెద్దది పేరున్న టైలరు. చిన్నది బట్టల కంపెనీకి కంప్యూటర్లో కటింగులు గీసి పంపుతుంది. ఒకరోజు గుడ్డ ఇవ్వడానికి వచ్చినావిడ ముందు పెద్దది, "గీతలు గీసినంత మాత్రాన చొక్కా అవుతుందా?" అంది. చిన్నది ఊరుకుంటే బాగుండును. "కుట్టేది మిషనే కదా, మనిషిదేముంది?" అంది. నీటికి నాచు తెగులు, మాటకి మాట తెగులు. ఆ పూటనుంచి ఎడమొహం పెడమొహం. ఫోన్లలో కూడా ఒకరినొకరు బ్లాకు చేసుకున్నారు. కొడుకులిద్దరూ తామరాకు మీద నీటిబొట్లలా పొద్దున డ్యూటీకి పోతారు, సాయంత్రం వస్తారు, అన్నం తిని పడుకుంటారు.

ఇంతలో చిన్నదానికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. నలభై రోజులు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. పెద్దది రోజూ క్యారేజీ కట్టి అత్తగారి చేత పంపేది గానీ, తను మాత్రం ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. పిలవలేదని దాని బాధ. రాలేదని దీని బాధ. ఆ బాధలు రెండూ మోసేది మళ్ళీ అత్తగారే.

రేపు పొద్దున పిల్లని ఇంటికి పంపేస్తామన్నారు. కొట్టులో అన్నిటికంటే చిన్న గౌను కొనుక్కొస్తే, అందులో ఇద్దరు పిల్లలు పడతారు. అందుకని చిన్నది నర్సుని బతిమాలి టేపుతో కొలతలు తీసుకుంది. ఛాతీ పదకొండు ఇంచులు, చెయ్యి నాలుగు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, ముందువైపు ముడివేసుకునేలా, కుట్లు ఒంటికి ఒరుసుకోకుండా పైకి వచ్చేలా ఓ బుల్లి చొక్కా గీసింది. అది కాగితం మీదకి రావాలంటే ప్రింటరు కింద ఉంది. కుట్టాలంటే మనిషీ కిందే ఉంది.

"అత్తయ్యా, ఈ పెన్‌డ్రైవు ఆవిడకిచ్చి ప్రింటు తియ్యమనండి. కుట్టడం నేనే ఎలాగో తంటాలు పడతాను."

అత్తగారు పద్నాలుగు మెట్లు దిగారు. ఆ మాటలు దిగేటప్పటికి కాస్త చక్కెర పూసుకున్నాయి. "కొంచెం ప్రింటు తీసిపెడతావా అని అడుగుతోందే, పాపం."

"అలా అందా?" పెద్దది తలెత్తలేదు. "అది అలా అనదు. నా చెయ్యి ఖాళీ లేదు, మీరే పెట్టండి."

అత్తగారు పెట్టారు. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. ఆవిడది అక్షరాలు కూడబలుక్కునే చదువు. ఇది నాకు చదవడం రావట్లేదు, ఫార్మాట్ చెయ్యమంటారా అని అడుగుతున్నట్టుంది. ఇంత మర్యాదగా అడుగుతుంటే కాదనడం ఎందుకని 'అవును' నొక్కారు. పెన్‌డ్రైవు కడిగిన పళ్ళెంలా అయిపోయింది.

విషయం విని పైన చిన్నది నెత్తి పట్టుకుంది. "మీ తప్పు కాదు లెండి. దీని ఆపరేటింగ్ సిస్టమ్ వేరు, దానిది వేరు. ఇది రాసింది అది చదవలేదు."

"ఒక ఇంట్లో ఉండి ఒకళ్ళ మాట ఒకళ్ళకి తెలీకపోతే ఎలాగే?" అన్నారావిడ, ఏ కంప్యూటర్ల గురించో చెప్పకుండా.

చిన్నదానికి అర్థమైంది గానీ కానట్టే ఉండిపోయింది. "వైఫై ఒకటేగా, దాంట్లోంచి పంపుతాను. అక్కడ ఒక ఫోల్డరు నాకు కనపడేలా తెరిచి పెట్టమనండి."

దిగారు. పెద్దది తెరిచింది. ఎక్కారు. పైన ఏమీ కనపడలేదు. మళ్ళీ దిగారు. అక్కడ అసలు సంగతి బయటపడింది. కిందటి నెల కొత్త వైఫై డబ్బా పెట్టినప్పుడు పెద్దదాని కంప్యూటరు, ఇది ఇల్లా, బయట చోటా అని అడిగిందట.

"బయట చోటే అని నొక్కాను. అప్పుడు ఒంటిమీద తెలివి ఉంటేగా!"

"అదీ సంగతి! ఇంట్లోవాళ్ళని బయటివాళ్ళంటే అది మాత్రం ఎవరికి కనపడుతుంది? మార్చు, ఇల్లే అని నొక్కు," అన్నారు అత్తగారు.

పెద్దది గొణుక్కుంటూనే నొక్కింది. అత్తగారు ఎక్కేసరికి పైన ఫోల్డరు కనపడింది. కానీ లోపలికి రానివ్వకుండా పేరు, పాస్‌వర్డు అడిగింది.

"అక్కడ తెర మీద పేరేముంది అత్తయ్యా?"

"'పెద్దకోడలు' అని ఉందే."

చిన్నదాని మొహం వాడిపోయింది. "ఆ పేరు కాదే ఉండేది. మార్చేసిందన్నమాట." అయినా ఆ పేరే కొట్టి, తనకి తెలిసిన పాత పాస్‌వర్డుతో చూసింది. ఒప్పుకోలేదు. మూడుసార్లు కొట్టినా ఒప్పుకోలేదు. ఉన్నట్టుండి, "అత్తయ్యా, పైకి కనపడే పేరే మారుతుంది. లోపల మొదట పెట్టిన పేరు అలాగే ఉండిపోతుంది," అంది.

"ఏమిటే ఆ పేరు?"

చిన్నది చెప్పలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ కంప్యూటరు సర్దిపెట్టింది తనే. పేరేం పెట్టనని అడిగితే పెద్దది నోట్లో సూది పట్టుకుని, నువ్వు నన్నేమని పిలుస్తావో అదే పెట్టు అంది. ఇప్పుడు ఆ మాటే కొట్టింది. పాత పాస్‌వర్డు కూడా మార్చేసినట్టుంది, అక్కడ ఆగిపోయింది.

అత్తగారు దిగి అడిగారు. పెద్దది ససేమిరా అంది. "పాస్‌వర్డు మూడో మనిషికి చెప్పకూడదత్తయ్యా. అది మీ చిన్నకోడలు నేర్పిన పాఠమే."

ఆవిడ మళ్ళీ ఎక్కబోయి ఏడో మెట్టు మీద కూలబడ్డారు. "ఇదిగో, ఇద్దరూ వినండి! మూడో మనిషి అలిసిపోయింది. కావలసినవాళ్ళు అడుక్కోండి, ఇష్టమైనవాళ్ళు చెప్పుకోండి. నేనిక కదలను!"

కింద మిషను ఆగింది. కోపం వస్తే రానీ అనుకున్నారు గానీ అత్తగారి బెంగంతా ఒక్కటే. రేపు ఆ పసిగుడ్డు వేరేవాళ్ళ కొలతల్లో మునిగిపోయి గుమ్మంలోకి వస్తుందా అని.

చాలాసేపటికి పైనుంచి సన్నగా ఓ పిలుపు వచ్చింది. "అక్కా..."

కింద కుర్చీ కిర్రుమంది.

"అక్కా! పాస్‌వర్డేంటి?"

"అరిచి చెప్తారటే దాన్ని? వీధంతా వినాలా?" అంటూ పెద్దది మెడలో టేపుతోనే లేచొచ్చింది. దారికి అడ్డంగా కూర్చున్న అత్తగారిని చూసి, "జరగండి," అని, రెండేసి మెట్లు ఎక్కి పోయింది.

పైన ఏవో గుసగుసలు. ఎవరో ముక్కు చీదిన చప్పుడు. ఆ తర్వాత పెద్దదాని గొంతు గట్టిగా లేచింది.

"చంక దగ్గర ఇంత బిగించావేమే! చెయ్యి ఎత్తొద్దా పిల్ల? అర ఇంచు వదులియ్యి."

"కొలత సరిగ్గానే తీశానక్కా."

"కొలత నిన్నటిది. పిల్ల రేపటిది. రోజూ పెరగదూ?"

"అయితే వదులిస్తాను. కుట్టేది మాత్రం నేనే."

"కుట్టేది మిషనేగా, నీదేముంది?"

మరుక్షణం ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు.

"అత్తయ్యా!" అని రెండు గొంతులూ కలిసి పిలిచాయి. "కింద అల్మారాలో పాత మెత్తటి తెల్లగుడ్డ ఉంటుంది, కాస్త పట్టుకొస్తారూ?"

"నా మోకాళ్ళేమన్నా మీ అత్తగారి సొమ్మనుకున్నారటే!" అని ఏడో మెట్టు మీదనుంచి ఆవిడ గోడ పట్టుకుని లేచారు. లేచి దిగుతూనే, గుడ్డని ముందు వేణ్ణీళ్ళలో ఓసారి జాడించాలా, రెండుసార్లా అని లెక్కలు వేసుకుంటున్నారు.