అట్టల వెనక పాచిక

ఆదివారం మధ్యాహ్నం గౌసియా టైలరింగ్ షాపు మూసి ఉంటుందని నరసరావుపేటలో అందరూ అనుకుంటారు. నిజానికి షట్టరు సగమే దించి ఉంటుంది. లోపల బట్టలు కత్తిరించే బల్ల చుట్టూ నలుగురు కూర్చుని కత్తులు, కోటలు, రాక్షసులు అంటూ ఆడుకుంటుంటారు. నలుగురూ పెళ్ళిళ్ళయి పిల్లలున్నవాళ్ళే. ఎవరైనా చూస్తే నవ్విపోతారని గౌసియాకు తెలుసు. నవ్వితే నవ్వనీ. వారమంతా జాకెట్లు కుట్టిన మనిషి మూడు గంటలు రాజ్యం ఏలుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

ఆట తేలికే. గౌసియా కథ నడుపుతుంది. మిగతా ముగ్గురూ ఆ కథలో తలా ఒక మనిషి. ఏం చేయదలచుకున్నారో వాళ్ళే చెబుతారు, అది అయ్యేదీ కానిదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కిరాణా కొట్టు అరుణ్ కుమార్ అందులో దొంగ. అతని భార్య పూర్ణిమ మంత్రగత్తె. ఇంట్లో కూడా అంతేనంటాడు అరుణ్, ఆమె వినకుండా. ఇక బెంజిమిన్ ధర్మయోధుడు, దేవుడి ముందు ఒట్టేసి కత్తి పట్టినవాడు. ఆ ఒట్టు బలంతోనే అతని చెయ్యి తాకితే గాయాలు మానతాయి, అతని కత్తి చీకట్లో వెలుగుతుంది. ఒట్టు ఒక్కటే, అబద్ధం ఆడకూడదు. ఆడిననాడు శక్తులన్నీ పోతాయి.

శత్రువుల తరఫున పాచిక వేసేది గౌసియాయే. రెండు పరీక్ష అట్టలు నిలబెట్టి, వాటి చాటున వేస్తుంది. ఆమె కూతురు పదో తరగతిలో వాడిన అట్టలవి, క్లిప్పులు తుప్పుపట్టాయి. మొదటి రోజే అరుణ్‌కు అనుమానం వచ్చింది.

"వెనక ఏం పడిందో మాకేం తెలుస్తది అక్కా?"

"పడింది పడినట్టు చెప్తా. నమ్మితే ఆడు, లేకపోతే పోయి బెల్లం అమ్ముకో."

ఏడాదిన్నరగా ఆ మాట తప్పలేదు. నాలుగు వారాలు కష్టపడి తయారుచేసుకున్న రాక్షసుడు మొదటి దెబ్బకే చచ్చినా, ఏడుపు దిగమింగుకుని ఉన్నదే చెప్పింది.

ఆ ఆదివారం ధర్మయోధుణ్ణి కాస్త ఇరుకున పెడదామని ఆమెకు సరదా పుట్టింది. కథలో ఒక ఊరు. ఊళ్ళో ఒక గాదె. గాదెలో ఏడుగురు పిల్లలు దాక్కున్నారు. వాళ్ళను చంపడానికి శత్రు సేనాని యాభైమందితో వచ్చి, గాదె ముందు నిలబడిన ధర్మయోధుణ్ణి చూశాడు.

"నువ్వు అబద్ధమాడవని దేశమంతా చెప్పుకుంటోంది. నువ్వే చెప్పు. లోపల ఎవరన్నా ఉన్నారా?" గొంతు బొంగురు చేసి అడిగింది గౌసియా.

బెంజిమిన్ మొహం పాలిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఎంత పని చేశాను అనుకుంది.

ఒకసారి సంచికి జిప్పు వేయించుకోవడానికి వచ్చి అతనే చెప్పిన సంగతి అది. కొన్నేళ్ళ కిందట మాచర్ల వైపు తిరిగే ఒక ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేశాడు. మే నెలలో కారంపూడి దగ్గర ఒక ముసలామె ఎక్కింది. కొంగున ముడేసుకున్న డబ్బులు ఎక్కడో జారిపోయాయి, కూతురేమో నరసరావుపేట ఆసుపత్రిలో ఉంది. కూర్చోమన్నాడు. దారిలో ఓనరు మనిషి తనిఖీకి ఎక్కి, అందరికీ టికెట్లు ఇచ్చావా అని అడిగాడు. బెంజిమిన్ నోటికి అబద్ధం రాలేదు. ముసలామెను మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద దింపేశారు.

"ఆమె కాళ్ళకు చెప్పులు కూడా లేవు గౌసియా. నిజం చెప్పి నేనే దింపా" అన్నాడు ఆ రోజు. మర్నాడే ఆ పని మానేశాడట.

ఇప్పుడు బల్ల దగ్గర అరుణ్‌కు ఇదేమీ తెలియదు. "అన్నా, గాదెలో వడ్లున్నయ్ అను. అది నిజమేగా" అని ఉపాయం చెప్పాడు.

"అది ఇంకా అధ్వానం రా. మోసం చేస్తా కూడా మంచోణ్ణి అనిపించుకోవటం."

"పోనీ కొట్లాడదాం" అంది పూర్ణిమ.

"యాభైమంది ఉన్నారమ్మా" అన్నాడు బెంజిమిన్.

తన యోధుడి శక్తులన్నీ రాసుకున్న కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుకున్నాడు. తర్వాత తలెత్తి, "ఎవరూ లేరు" అన్నాడు.

"శక్తులు పోతయ్ అన్నా" అన్నాడు అరుణ్.

"తెలుసు. ఈసారి పోనీ."

గౌసియా పాచిక అందుకుంది. "పద్నాలుగు దాటితే సేనాని పసిగడతాడు" అని అందరికీ చెప్పి, అట్టల వెనక పాచిక వేసింది.

పందొమ్మిది పడింది.

ఈ మనిషి జీవితంలో ఒక్క అబద్ధం ఆడటానికి ఇన్నేళ్ళు పట్టింది. అదీ వృథా అయిందని తన నోటితో ఎలా చెప్పాలి?

"మూడు" అంది గౌసియా. "నమ్మాడు. గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు."

పూర్ణిమ చప్పట్లు కొట్టింది. బెంజిమిన్ రబ్బరు తీసుకుని తన కాగితం మీద శక్తులు ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టాడు. ముందు గాయాలు మాన్పే చెయ్యి పోయింది. తర్వాత కత్తి వెలుగు పోయింది.

"పిల్లల్ని కాపాడితే శిక్ష ఏంది అక్కా? చానా అన్యాయం" అన్నాడు అరుణ్.

"ఒట్టు ఒట్టేరా" అన్నాడు బెంజిమిన్, రబ్బరు పొడి ఊదుతూ. అతని మొహం తేటగా ఉంది.

గౌసియాకు మాత్రం ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోతోంది. అదే ఏడుగురు పిల్లల కోసం ఇద్దరూ అబద్ధమాడారు. అతను అందరి ముందూ ఆడి, ఉన్నదంతా చెరుపుకుంటున్నాడు. తాను చాటున ఆడి హాయిగా కూర్చుంది. పోనీ చెప్పేద్దామంటే పిల్లలు చస్తారు, ఆ ముసలామె మళ్ళీ ఎండలో నిలబడుతుంది. చెప్పలేదు. చెప్పకుండా కూర్చోనూ లేకపోయింది. చటుక్కున రెండు అట్టలూ లాగి కత్తిరింపు ముక్కల గోనెసంచిలో కుక్కింది.

"ఇకనుంచి నా పాచిక కూడా అందరి ముందే పడుద్ది."

"ఏందక్కా ఉన్నట్టుండి?"

"నేను చాటున వేసే రోజులు అయిపోయినయ్ రా."

అన్నాకగానీ చూసుకోలేదు, పాచిక ఇంకా బల్ల మీదే ఉంది. పందొమ్మిది పైకి చూస్తోంది. అరుణ్, పూర్ణిమ గోనెసంచి వైపు చూస్తున్నారు. పక్కన కూర్చున్న బెంజిమిన్ మాత్రం పాచికనే చూస్తున్నాడు.

అతను అడిగితే నిజం చెప్పెయ్యాలనుకుంది గౌసియా. ఇక ఒక్క ముక్క కూడా దాచదు.

బెంజిమిన్ మెల్లగా చెయ్యి చాపి పాచికను అరచేత్తో కప్పేశాడు.

"పిల్లలు బతికినట్టేగా?"

"బతికారన్నా."

పాచికను గుప్పిట్లోకి తీసుకుని బాగా కుదిపాడు. తర్వాత అరుణ్ చేతిలో పెట్టాడు.

"నీ వంతు. వెయ్యి."