కోర్టులో కట్టిన తప్పు

నాకు కోపం ఎక్కువని నల్గొండ కోర్టులో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ పొద్దున మాత్రం మంచి హుషారుగా ఉన్నాను. నా దగ్గర పని నేర్చుకుంటున్న నాగరాణి లా పాసైంది. వకీలుగా పేరు నమోదు చేయించుకోవడానికి హైదరాబాదులో బార్ కౌన్సిల్‌కు పెట్టాల్సిన దరఖాస్తు నా బల్ల మీద ఉంది. మర్రిగూడ దిక్కున గొర్లు కాసుకునే ఇంటి పిల్ల. నేనేమో పానగల్‌లో మగ్గం చప్పుడు వింటూ చదువుకున్నదాన్ని. ఆ పిల్లను చూస్తే నాకు గర్వం. అది బయట పడకుండా రోజూ నాలుగు తిట్లు తిట్టేదాన్ని.

మరునాడే గడువు. నాగరాణి తండ్రి బీరన్న కూడా వచ్చి, రుమాలు ఒళ్లో పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. నేను అఫిడవిట్ పైకి చదువుతున్నాను. దాని మీద ఆమె సంతకం పెట్టాలి. ఆమె నడవడి మంచిదని ఇంకో కాగితం మీద నేను పెట్టాలి.

"నా మీద ఎటువంటి క్రిమినల్ కేసు లేదు, ఏ కోర్టూ నాకు శిక్ష వేయలేదు... లేదు గద?" అన్నాను, అడగాలి కాబట్టి.

"లేదు మేడం," అంది నాగరాణి.

"మాకేం కేసులమ్మా," అని నవ్వాడు బీరన్న. "ఒక్కటుండె. గది గప్పుడే తప్పు కట్టినం."

మా దిక్కు ఊళ్లలో తప్పు కట్టడమంటే జరిమానా కట్టడం. పెద్దమనుషులు కూర్చుంటారు, ఇంత అని తేలుస్తారు, కట్టినవాడు లేచి దులుపుకుని పోతాడు. ఎవరు చేశారు, ఎవరు చేయలేదు అని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గొడవ ఆగితే చాలు. అందుకే నేను తల కూడా ఎత్తలేదు.

"ఊళ్లెనే కట్టిండ్రు గద?"

"ఊళ్లె ఒకపారి కట్టినం. మళ్ల కోర్టుల ఒకపారి కట్టినం."

తల ఎత్తాను. నాగరాణి వైపు చూశాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. అంత లా చదివి కూడా, ఇంట్లో రోజూ వినే ఆ మాటను ఆమె ఎన్నడూ చట్టం పక్కన పెట్టి చూసుకోలేదు. అర్థం కావడం నా కళ్ల ముందే జరిగింది.

సంగతి ఇదీ. వాళ్ల గొర్లు భిక్షపతి అనే రైతు పత్తి చేన్లో పడ్డాయి. అతను సూడి గొర్రెను కొట్టబోతే నాగరాణి తల్లి జానమ్మ అతని చేతిలోని కట్టె గుంజుకుంది. భిక్షపతి వెల్లకిలా పడ్డాడు, మోచెయ్యి చీరుకుపోయింది. ఊళ్లో తప్పు కట్టి రాజీ పడ్డారు. అయితే అప్పటికే పోలీసు కేసైంది, అందులో ఇంటిల్లిపాది పేర్లూ ఎక్కాయి. గొడవ జరిగిన రోజు నాగరాణి ఊళ్లోనే లేదు, నల్గొండ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అయినా లోక్ అదాలత్ నాడు ముగ్గురినీ వరుసలో నిలబెట్టారు. "తప్పు ఒప్పుకుంటారా?" అని జడ్జి అడిగాడు. కట్టడానికి ఒప్పుకుంటారా అని అడుగుతున్నారనుకున్నారు వీళ్లు. ఒప్పుకుంటమన్నారు, కట్టారు, గోలీ సోడా తాగి బస్సెక్కారు.

"అంటే నేరం ఒప్పుకున్నట్టా మేడం?" అంది నాగరాణి మెల్లగా.

"ఒప్పుకున్నట్టే. శిక్ష పడ్డట్టే."

మా గుమాస్తా మురళీమోహన్ తలుపు దగ్గరగా వేశాడు. "మేడం, గీ ముచ్చట మన నలుగురికే ఎరుక. గంత చిన్న కేసు ఎవరు తవ్వుతరు? రాయకుండ్రి."

నాగరాణి నా మొహమే చూస్తోంది. రాయొద్దు అంటానేమోనని ఆశ. నిజం చెప్పొద్దూ, ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

"రాయాలె," అన్నాను.

"రాస్తే ఆపుతరా?"

"గింత దానికి ఆపకపోవచ్చు. దాచినట్టు తేలితే మాత్రం ఎన్నేండ్లకైనా గౌను గుంజుకుంటరు."

"ఆపకపోవచ్చు అంటున్నరు. ఆపరు అంటలేరు."

"అనలేను."

"నేను ఊళ్లెనే లేను మేడం! చెయ్యనిదాన్ని చేసిన్నని ఎట్ల రాయాలె?" ఆ పిల్ల నా ముందు గొంతు పెంచడం అదే మొదలు.

"చేసిన్నని రాయమన్ననా? అయింది అయినట్టు రాయి. లేకుంటే నా సంతకం దొర్కది. ఇంకో వకీలును చూస్కో, పో!"

అన్నాక నాలుక కరుచుకున్నాను. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. నాగరాణి కాగితాలు తీసుకుని విసురుగా బయటికి పోయింది.

"నేను నోరు మూసుకుంటే అయిపోవు గదమ్మా," అన్నాడు బీరన్న, రుమాలు నలుపుతూ. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. శిక్ష లేదన్న వాక్యం కొట్టేసి, జరిగిందంతా ఇంకో కాగితం మీద సొంతంగా రాసుకొచ్చింది. నేను వెంటనే సంతకం పెట్టాను.

ఆ తర్వాత రోజులు గడవడం గగనమైంది. తోటి పిల్లలకు ప్రమాణం చేసే తేదీలు వచ్చాయి. ఈమెకు మాత్రం బార్ కౌన్సిల్ కమిటీ ముందు హాజరు కమ్మని పిలుపు. మురళీమోహన్ 'నేను చెప్పలేదా' అన్నట్టు చూసినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టి వాడి మీద విరుచుకుపడ్డాను. అసలు భయం నాది. నా మొండితనం వల్ల ఆ పిల్ల బతుకు ఆగిపోతే?

హైదరాబాదుకు నేనూ వెళ్లాను. బీరన్న, జానమ్మ వరండాలో కూర్చున్నారు. లోపల ముగ్గురు పెద్ద వకీళ్లు. నన్ను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు.

"నేరం ఒప్పుకున్నవని ఉంది. ఇప్పుడేమో ఊళ్లోనే లేనంటున్నవ్. ఏది నిజం?" అని అడిగాడు మధ్యలో ఉన్నాయన.

"రెండూ నిజమే సార్."

ఆయన కళ్లద్దాలు తీశాడు. మంచి మనిషే, గొంతు మెత్తగా ఉంది. "చూడమ్మా, చిన్నతనంలో తప్పు చేశాను, క్షమించండి అని ఒక్క ముక్క రాసియ్యి. మేమూ ఇక్కడితో ముగిస్తాం."

రాసియ్యవే తల్లీ, అని లోలోపల మొక్కుకున్నాను. ఆ పిల్లకు గుడ్లురిమి చెప్పిన నీతులన్నీ ఆ క్షణంలో నేనే గాలికి వదిలేశాను.

నాగరాణి ఆయన వైపే చూసింది. "రాయను సార్," అంది. "మా ఊళ్లె తప్పు అంటే కట్టేది సార్, చేసేది కాదు. తెల్వక ఒకపారి ఒప్పుకున్న. ఇప్పుడు తెలిసి గూడ ఒప్పుకుంటే, రేపు నా దగ్గరికొచ్చినోళ్లకు గూడ గదే చెప్త. ఒప్పుకోండ్రి, అయిపోతదని."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. మధ్యలో ఉన్నాయన చాలాసేపు ఏదో రాశాడు. నేను చీర కొంగు పిడికిట్లో నలిపేస్తున్నాను.

"వచ్చే బ్యాచ్‌తో ప్రమాణానికి రా," అన్నాడు తల ఎత్తకుండానే.

ఇద్దరం బయటికి వచ్చాం. జానమ్మ గబగబా ఎదురొచ్చింది.

"ఏమడిగిండ్రు బిడ్డా?"

"వకీలు కాయితం ఇస్తమన్నరమ్మా. ఆ తప్పు గురించి అడిగిండ్రు."

జానమ్మ మొహం వాడిపోయింది. "కట్టినం గద! ఇంకేమన్న కట్టాల్నంటనా?" అంటూ కొంగు ముడి విప్పబోయింది.

నాగరాణి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దమ్మా. అసలు నువ్వు కట్టేదే లేకుండె."

జానమ్మ కూతురి వైపు, నా వైపు, నా నల్లకోటు వైపు చూసింది.

"మరి గంతమంది వకీళ్లున్నరు, గా దినం ఒక్కరన్న చెప్పకపోయిరి," అంది.