క్రేను దిగిన అరబా

ఆ మధ్యాహ్నం అరబా క్రేను దిగి, రేవు గేటు దాటి వచ్చి, నా కొట్టు ముందున్న బెంచీ చివర కూర్చుంది. మామూలుగా తను అలా రాదు. పొద్దున్నే పులిసిన మొక్కజొన్న పిండిని అరటాకుల్లో చుట్టి ఉడికించిన రెండు కెంకీ ముద్దలు, వేయించిన చేప, కాస్త మిరప పచ్చడి పొట్లం కట్టించుకుని పైకి తీసుకుపోతుంది. ఆ క్రేను గదిలోనే తింటుంది. షిఫ్టు అయ్యేదాకా నేల మీద కాలు పెట్టదు.

"వదినా, నన్ను కిందికి దించేస్తున్నారు" అంది.

నేను గరిటె పక్కన పెట్టేశాను. పదకొండేళ్ళుగా ఆ పని చేస్తోంది. టకొరాడి రేవులో సరుకు దించే ఆ కంపెనీలో క్రేను ఎక్కిన మొదటి ఆడది తనే. నా తమ్ముడు జోజోకి పెళ్ళామయ్యింది గాని, నాకు మాత్రం కూతురి లెక్క.

"ఏం చేశావే? ఎవరి నెత్తినైనా కంటైనర్ పడేశావా?"

"ఏం చెయ్యలేదు వదినా. ప్రమోషన్ ఇచ్చారు. కొత్తగా చేరేవాళ్ళకి పని నేర్పాలట. బల్లా కుర్చీ ఇస్తారట."

నేను పెట్టిన కేకకి గేటు కాపలావాడు కూడా తొంగి చూశాడు. బెంచీల మీద తింటున్న వాళ్ళందరికీ తలో చేప ముక్క ఉచితంగా వేశాను. అంతలో జోజో టాక్సీ వచ్చి ఆగింది. సంగతి వినగానే వాడు కారు చుట్టూ తిరుగుతూ చిందులు వేశాడు. "మా ఆవిడ ఆఫీసరు! రేపటి నుంచి నన్ను సార్ అనండి!" అన్నాడు. ఓడల మీద కంటైనర్లు కట్టే కోబినా అనేవాడు, "ఆవిడ ఆఫీసరైతే నువ్వెలా సారవుతావురా, డ్రైవరువేగా!" అని ఎగతాళి చేశాడు. అందరం నవ్వుకున్నాం.

ఆ సంబరం రెండు రోజులు నిలిచింది.

మూడో రోజు అరబా జీతాల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ హగన్ అనే కుర్రాయన ఉంటాడు, నెమ్మదస్తుడు. ఎవరు ఏమడిగినా విసుక్కోకుండా విప్పి చెబుతాడు. అసలు జీతం పెరిగిన మాట నిజమేనన్నాడు. కాని క్రేను మీద చేసే ఓవర్‌టైమ్ ఉండదు, రాత్రి షిఫ్టుల భత్యం ఉండదు. పెరిగిన జీతం మీద పన్ను పెరుగుతుంది. పింఛనుకి కోసేది అసలు జీతం మీదే గనక అదీ పెరుగుతుంది. అన్నీ పోగా నెలకి చేతికొచ్చేది ఇప్పటికన్నా వెయ్యి సెడీలు తక్కువ.

అరబా నా కొట్టు దగ్గర ఈ మాట చెప్పినప్పుడు జోజో తింటున్నవాడు తింటున్నట్టే ఆగిపోయాడు.

"వెయ్యి తక్కువా? అది ప్రమోషనా, జరిమానానా?"

"నాకూ అలాగే అనిపించింది."

"మరి ఇంటి పైకప్పు సంగతేంటి?"

ఊరి శివారు అపోవాలో వాళ్ళకి చిన్న స్థలం ఉంది. ఆరేళ్ళుగా, చేతిలో ఉన్నప్పుడల్లా నాలుగు సిమెంటు ఇటుకలు పేర్చుకుంటూ వచ్చారు. గోడలు లేచాయి. రేకులు వేస్తే అద్దె ఇల్లు వదిలేయొచ్చు. ఆ రేకులు అరబా ఓవర్‌టైమ్ డబ్బుతోనే రావాలి. ఆ సంగతి జోజోకీ తెలుసు, నాకూ తెలుసు.

బెంచీ మీద ఉన్నవాళ్ళు తలో మాట వేశారు. "పింఛను ఎవడు చూడొచ్చాడు, ఇప్పుడు చేతికొచ్చేదే డబ్బు" అన్నాడు కోబినా. "కాదనేస్తే మళ్ళీ అడగరు" అన్నాడు ఇంకొకడు. నన్నడిగితే నేనూ వద్దనే అన్నాను. వెయ్యి అంటే చిన్న డబ్బా?

అరబా మెడ తిప్పడానికి ఒళ్ళంతా తిప్పుతూ లేచింది. పదకొండేళ్ళు పైనించి కిందికి వంగి చూసి చూసి తన మెడ బిగుసుకుపోయింది. ఒక్కోరోజు తల దువ్వుకోవడానికి కూతుళ్ళు సాయం పట్టాలి. ఆ సంగతి మీద ఇంట్లో ఎప్పుడూ గొడవ చెయ్యలేదు, కంపెనీలో అసలే చెప్పలేదు.

మర్నాడు పొద్దున పొట్లం కట్టించుకోవడానికి వచ్చి, "వదినా, ఇవాళ మేనేజరు దగ్గరికి వెళ్ళి వద్దని చెప్పేస్తాను" అంది.

"నీకు ఇష్టమేనా?"

"ఇష్టం కాదు. పోయినేడు ఇద్దరు కొత్త కుర్రాళ్ళకి ఖాళీ వేళల్లో పని చూపించాను చూడు, అందులో ఒకడు మొదటిసారి ఒక్కడే కంటైనర్ దించినప్పుడు నాకు వాడికంటే ఎక్కువ ఆనందమైంది. ఈసారి వచ్చే వాళ్ళలో ముగ్గురు ఆడపిల్లలున్నారట. కాని ఆనందంతో రేకులు రావుగా."

అప్పుడు నాకు ఒకటి తోచింది. "అరబా, పడవ దగ్గర చేపల బుట్ట ధర చెబితే నువ్వేం చేస్తావు?"

"బేరమాడతాను."

"మరి వీళ్ళు చెప్పిన ధరకి సరే, కాదు, అని రెండు మాటలే ఎందుకు అనుకుంటున్నావ్?"

"జీతానికి ఎవరైనా బేరమాడతారా వదినా? ఉన్నది ఊడుతుంది."

"వద్దనడానికే వెళ్తున్నావుగా. ఇంక ఊడేదేముంది?"

తను పొట్లం కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది.

లోపల ఏం జరిగిందో సాయంత్రం తనే చెప్పింది. మేనేజరు క్వైడూ గారు పెద్దమనిషే గాని, మాట మాత్రం పొడి. అరబా కూర్చోకుండానే మొదలుపెట్టిందట.

"సార్, ఈ పని నాకు ఇష్టం. కాని మా ఇంటికి నెలకి వెయ్యి తగ్గుతోంది. అలా అయితే చేరలేను."

"జీతాల పట్టిక నేను తయారు చేసింది కాదమ్మా."

"తెలుసు సార్. పట్టికలో లేనిది అడుగుతున్నాను. నేర్పినందుకు విడిగా భత్యం ఇవ్వండి. శనివారాలు నన్ను క్రేను ఎక్కనివ్వండి. నేర్పేవాళ్ళకి చెయ్యి మరిచిపోకూడదు గదా. ఆ రోజుకి ఓవర్‌టైమ్ కట్టండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడట. "ఇన్నేళ్ళలో ఈ కుర్చీ ముందు నిలబడి ప్రమోషన్‌కి బేరమాడినవాళ్ళు ఎవరూ లేరు" అన్నాడట.

"మా వదిన చేపల వ్యాపారం సార్" అందట మా అరబా.

రెండు రోజుల తర్వాత కబురొచ్చింది. భత్యం అడిగినదాంట్లో సగమే ఇస్తామన్నారు. శనివారాలు మాత్రం ఏడాదిపాటు ఒప్పుకున్నారు. అన్నీ కలిపినా ఇంకా నాలుగు వందలు తక్కువే పడుతుంది. అరబా ఆ నాలుగు వందలు తక్కువకే సరేనని వచ్చేసింది. ఇంటికెళ్ళి అడిగి రాలేదు.

జోజోకి కోపమొచ్చింది. అరిచేవాడైతే బాగుండేది, వాడు మూతి ముడుచుకుని కూర్చునే రకం. రెండు పూటలు ఇంట్లో తినకుండా నా కొట్టు దగ్గరికొచ్చి తిన్నాడు.

"నన్నొక్క మాట అడగలేదక్కా."

"అడిగితే ఏమనేవాడివి?"

"వద్దనేవాణ్ణి."

"అందుకే అడగలేదు."

"నవ్వకు. నాలుగు వందలు ఎక్కణ్ణుంచి తేవాలి? నేనేమైనా ఊరికే తిరుగుతున్నానా? రోజంతా కారులోనే ఉంటాను."

వాడి కారు వాడిది కాదు. ఓనరుకి రోజు బాడుగ కట్టాలి, మిగిలింది వాడిది. కంపెనీ ఉద్యోగులను తెచ్చే బస్సుకి డ్రైవరుగా రమ్మని రెండుసార్లు పిలిచారు. "నేనొకడి కింద జీతానికి చెయ్యను, నాకు నేనే రాజుని" అని రెండుసార్లూ కాదన్నాడు. ఆ మాట అరబా ఎన్నడూ ఎత్తి చూపలేదు. ఆ పూట నేనే ఎత్తాను.

"రాజుగారూ, పోయిన నెల ఇంటికెంత తెచ్చారు?"

"తెచ్చాను చాలా."

"చాలా అంటే? ఓనరు బాడుగ తీసెయ్. పెట్రోలు తీసెయ్. టైరు మార్చావుగా, అది తీసెయ్. గేరు పాడై కారు షెడ్డులో ఉన్న వారం తీసెయ్."

"అక్కా, ఇంకేం తీసేస్తావ్? నన్నే తీసేసేలా ఉన్నావ్!"

నవ్వుతూనే అన్నాడు గాని, వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. లెక్క అయ్యాక నవ్వు లేదు. మా నాన్న కూడా టాక్సీ నడిపేవాడు. కళ్ళు సరిగా కనబడకపోయినా నడిపేవాడు, ఎందుకంటే ఆపేస్తే ఆ రోజుకి తిండి లేదు. చివరికి అరవయ్యెనిమిదో ఏట స్టీరింగు మీదే తల వాల్చేశాడు. ఆ సంగతి మేమిద్దరం పైకి అనుకోలేదు.

ఆ తర్వాత వారం వాడు కనబడలేదు. ఓ సోమవారం ఉదయం కంపెనీ బస్సు వచ్చి నా కొట్టు పక్కన ఆగింది. డ్రైవరు సీటులో నీలం చొక్కా వేసుకుని మా జోజో! వెనక కూర్చున్న కోబినా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆంటీ, మీ రాజుగారు సింహాసనం మార్చారు!" అని అరిచాడు.

అరబా నా దగ్గరే ఉంది. తనకీ తెలియదు. చేతిలో పొట్లం పట్టుకుని బస్సు దగ్గరికెళ్ళింది.

"నాకొక్క మాట చెప్పలేదే?"

"నువ్వు చెప్పావా?" అన్నాడు జోజో. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. బస్సులో వాళ్ళు చప్పట్లు కొట్టారు.

కాని అసలు తమాషా నెలాఖరున. వాడి జీవితంలో మొదటి జీతం చీటీ చేతికొచ్చింది. అది పట్టుకుని దొంగను పట్టుకున్నవాడిలా పరుగెత్తుకొచ్చాడు.

"చూడండి! వీళ్ళు చెప్పిన జీతం ఇది, నా చేతికొచ్చింది ఇది! మధ్యలో ఎవడో తిన్నాడు. ఈ పన్ను ఎవరు? నేను తీసుకోమన్నానా?"

"నన్ను ఇన్నేళ్ళుగా తింటున్నవాడే" అంది అరబా, చీటీ చేతిలోకి తీసుకుంటూ. "స్వాగతం."

"ఇదేంటి, ఇంకోటి కోశారు?"

"అది పింఛనుకి. పక్కనే చూడు, కంపెనీ తన వంతు వేసింది. నీ దగ్గర కోసినదానికి రెండింతలకి పైనే."

జోజో చీటీ లాక్కుని మళ్ళీ చూశాడు. "వాళ్ళ డబ్బు? నా పేరు మీదా?"

"నీ పేరు మీదే. నీకు నలభై మూడు. పింఛను రావాలంటే పదిహేనేళ్ళు కట్టాలి, అరవై నిండేసరికి నువ్వు అంతకి మించే కట్టి ఉంటావు. అప్పుడు కారు నడపకపోయినా నెల నెలా వస్తుంది."

వాడు చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, జేబు మీద ఒకసారి చెయ్యి వేసుకున్నాడు. నేను అటు తిరిగి నూనెలో చేపలు వేశాను. పొగకి నా కళ్ళు మండాయి.

మధ్యాహ్నం తిండికొచ్చిన హగన్ ఈ మాటలన్నీ వింటున్నాడు. "పిల్లల చదువుకి పన్నులో కొంత తగ్గింపు ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరే అడగాలి. మీ ఇద్దరిలో ఎవరు?" అన్నాడు.

"నేనే!" అన్నాడు జోజో గబుక్కున. "పిల్లలిద్దరూ నాకే పుట్టారని రాయండి."

"తొమ్మిది నెలలు మోసింది ఎవరో కూడా రాయండి" అంది అరబా. కాసేపు వాదించుకుని, ఎవరు తీసుకుంటే ఎక్కువ మిగులుతుందో హగన్ లెక్కవేసి చెప్పేలా ఒప్పందం చేసుకున్నారు.

వానలు మొదలయ్యేలోపు రేకులన్నీ రాలేదు. రెండు గదులకే వచ్చాయి. వాళ్ళు ఆ రెండు గదుల్లోకే మారిపోయారు. అద్దె మిగిలింది. వంటింటికి ఇంకా ఆకాశమే కప్పు. వాన వస్తే జోజో గొడుగు పట్టుకుని నిలబడతాడు, అరబా వండుతుంది. మెడకి వైద్యం చేయించుకుంటోంది. ఇప్పుడు పిలిస్తే ఒళ్ళు తిప్పకుండా తల తిప్పి చూస్తుంది. కొత్తగా వచ్చిన ముగ్గురు ఆడపిల్లల్లో సెంచువా అనే పిల్ల మొదటిసారి ఒంటరిగా కంటైనర్ దించిన రోజున, అరబా కింద రేవులో నిలబడి చెయ్యెత్తి ఊపుతుంటే నేను గేటు దగ్గర్నుంచి చూశాను. పిల్ల దిగి వచ్చి ఏడ్చేసింది. అరబా దాన్ని తిన్నగా నా కొట్టుకి తీసుకొచ్చి పెద్ద చేప పెట్టమంది.

ఆ సాయంత్రం జనం పలచబడ్డాక హగన్‌ని ఆపాను.

"బాబూ, జీతం లేనివాళ్ళు పింఛనుకి కట్టుకోవడానికి ఏమైనా ఉందా? నాలాంటి దానికి?"

"ఉంది ఆంటీ. మీ ఇష్టమొచ్చినంత కట్టుకోవచ్చు. మీకెన్నేళ్ళు?"

"నలభై తొమ్మిది."

ఆయన దాచకుండా చెప్పాడు. "నెల నెలా పింఛను రావడానికి కాస్త ఆలస్యమైంది, అరవైలోపు మీకు పదిహేనేళ్ళు నిండవు. అరవైకి కట్టిందంతా పెరిగినదానితో కలిపి ఒక్కసారే వస్తుంది."

"ఒక్కసారే వస్తే ఏం చేసుకోవచ్చు?"

"మీరు చెప్పాలి."

అరవై తర్వాత ఏం చేస్తానని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. "ఆలోచించుకుని గురువారం చెబుతాను" అన్నాను. "ఈలోగా ఏమేం కాగితాలు పట్టుకురావాలో చెప్పు."

ఆయన చెబుతుంటే, మరిచిపోకుండా ఒక్కొక్కటీ పైకి అనుకుంటూ పొయ్యి ఆర్పాను.