సవరణ లేఖ

నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన వెనకనుంచి ఒక కాగితం చాపారు. "చేతులు తుడుచుకుని ఓ సంతకం పెట్టెయ్. ఇవాళే పత్రికకు పంపాలి."

చదవకుండా ఎక్కడా సంతకం చెయ్యొద్దని మా నాన్నకు నేర్పినదాన్ని. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. చదివాను. 'నా భర్త గ్రంథంలో దొర్లిన దోషానికి కారణం, శాసనాన్ని ఎత్తి రాయడంలో నేను చేసిన పొరపాటు.'

ఆ గ్రంథమే ఆయన్ని ప్రొఫెసర్ని చేసింది. లక్షలమంది కొలిచే ఒక మతస్థాపకుడు అసలు పుట్టనే లేదని అందులో వాదించారు. ఆ కాలపు శాసనాల్లో ఎక్కడా పేరు లేదు కాబట్టి మనిషీ లేడు, అంతే. శాసనాలు నూట పన్నెండు. మా ఆయనకు పాతలిపి రాదు. పాప నిద్రపోయే మధ్యాహ్నాల్లో వాటి ఫొటోల మీద భూతద్దం పెట్టుకుని అన్నీ చదివింది నేను. ముందుమాటలో గురువుగారికి, గ్రంథాలయానికి, ఆఖరికి ప్రెస్సువాళ్లకు కూడా కృతజ్ఞతలున్నాయి. నా ఊసు లేదు. అడిగితే, "ఇంట్లోవాళ్లకు థాంక్సేమిటి, నవ్విపోతారు" అన్నారు. ఆయన లెక్కన చూస్తే నేనూ పుట్టలేదు.

ఇప్పుడెవరో పరిశోధకురాలు ఏకంగా రాయి దగ్గరికే వెళ్లింది. ఒకచోట, సగం అరిగిపోయి, స్థాపకుడి పేరుంది. అరిగిన అక్షరానికొక చుక్క పెట్టడం మా పనిలో పద్ధతి. అక్కడ నేను నాలుగు చుక్కలు పెట్టాను. ఆయన వాటిని కొట్టేసి, అటుమాటనూ ఇటుమాటనూ కలిపేశారు. "చుక్కలుంటే లేనిపోని అనుమానాలొస్తాయి" అన్నారప్పుడు.

"నేను చుక్కలు పెట్టాను కదండీ."

"ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావ్? నా పరువు పోతే నీది మిగుల్తుందా?"

హాల్లోంచి అత్తయ్య అందుకున్నారు. "అంతటి మహానుభావుణ్ణే లేడని తేల్చేశాడు మావాడు, నీ చుక్కలొక లెక్కా? పెట్టెయ్యవే, పొద్దుట్నుంచీ వాడు కాఫీ కూడా ముట్టలేదు."

నవ్వొచ్చింది. పదకొండేళ్లకు ఆ పుస్తకం పక్కన మొదటిసారి నా పేరు అచ్చు కాబోతోంది, తప్పు నెత్తినేసుకోడానికి.

చేతులు తుడుచుకున్నాను. ఆయన కాగితం ఆయనకిచ్చేసి, పాప నోటుబుక్కులోంచి ఒకటి చింపుకుని, వంటగట్టు మీదే రాయడం మొదలుపెట్టాను.

"ఏం రాస్తున్నావ్?" ఆయన గొంతు మారింది.

"మీరడిగిందే."

'ఆ గ్రంథంలోని నూట పన్నెండు శాసనాలూ చదివింది నేను. నా రాతప్రతి జతచేస్తున్నాను. అందులోని నాలుగు చుక్కలు కొట్టెయ్యడం ఒక్కటే మావారు సొంతంగా చేసిన పని.'