నాన్న కుర్చీలో కూర్చున్న దయ్యం

అక్టోబరు ఆఖరి రాత్రి మా ఇంట్లో చేసే హాలోవీన్ విందుకు వయసు పట్టింపు లేదు. పోయిన ఏడు వచ్చినవాళ్ళలో అందరికన్నా చిన్నది పక్కింటివాళ్ళ నాలుగు నెలల పాప. అందరికన్నా పెద్దది మా మేనత్త నోనీ, తొంభై ఒక్క ఏళ్ళు. పాపకి నల్ల పిల్లి చెవుల టోపీ పెట్టారు. అత్తయ్య ఏ వేషమూ వద్దంది.

"నాకెందుకురా వేషం. పొద్దున అద్దం చూసుకుంటే నాకే భయమేసింది," అంది.

వంటా ఆటలూ నా భార్య అట్రాక్టా చూసుకుంటుంది. నీళ్ళ తొట్టిలో యాపిల్ పళ్ళు తేలుతుంటే పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నోటితో పట్టుకోవాలి. పెద్దవాళ్ళకి క్యాబేజీ కలిపిన బంగాళాదుంపల ముద్ద, దాని మధ్య గుంటలో వెన్న. తర్వాత ఎండుద్రాక్షల రొట్టె. దాని లోపల ఒక ఉంగరం దాస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి ఏడాదిలో పెళ్ళి. రెండుసార్లు మా అత్తయ్యకే వచ్చింది.

నాకు అప్పజెప్పేవి రెండే పనులు. ఒకటి టర్నిప్ దుంపని తొలిచి దీపం చేయడం. అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. రెండోది కుర్చీ. ఆ రాత్రి పోయినవాళ్ళు ఇళ్ళకి వస్తారని ఐర్లండ్‌లోని మా మేయో పల్లెల్లో పొయ్యి పక్కన ఒక కుర్చీ వేసి, ముందు ఒక పళ్ళెం, ఒక కప్పు పెడతారు. ఇది సరైనదేనా అని ఒకసారి ఫాదర్‌ని అడిగాను. వాళ్ళ కోసం ప్రార్థిస్తే చాలు, టీ అక్కర్లేదు అన్నాడు. ఆయన మాట కాదనను. కానీ ప్రార్థనకి టీ ఏం అడ్డమొస్తుందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కప్పు పెడుతున్నాను.

మేం వేసేది మా నాన్న కుర్చీ. పోయిన ఏటికి ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆయన్ని సాగనంపిన రోజే నా తమ్ముడు మలకీ కూడా ఈ ఇంటికి దూరమయ్యాడు.

జరిగింది చెప్తాను. నాన్నని చర్చికి తీసుకెళ్ళే రోజు పొద్దున మలకీ ఆవు ఈనడానికి అవస్థ పడుతోంది. వాడు పశువుల కొట్టంలో ఉండిపోయాడు. పూజ పదకొండింటికి. పదింటికి నేను శవపేటిక మూత వేయించాను. పదీ ఇరవైకి వాడు మోచేతుల దాకా రక్తంతో పరుగెత్తుకొచ్చాడు. మూత మేకులు బిగించేసి ఉన్నాయి. నాన్న ముఖం వాడు ఆఖరిసారి చూసుకోలేదు.

"పూజ ఆవు కోసం ఆగదు," అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది.

"నేను బతికుండగా నీ గడప తొక్కను. దేవుడి మీద ఒట్టు," అన్నాడు వాడు. తొక్కలేదు. వాడి ఇల్లు మా ఇంటికి అరమైలు. చర్చిలో మాకు నాలుగు వరసల వెనక కూర్చునేవాడు. ఆ నాలుగేళ్ళూ నేను వాడి దగ్గు మాత్రమే విన్నాను. క్షమించమని ఉత్తరం రాసి మూడుసార్లు చించేశాను.

పోయిన ఏడు విందు సగంలో ఉండగా తలుపు చప్పుడైంది. ముసుగులో వచ్చినవాళ్ళు మాట్లాడకూడదని మా దగ్గర ఆచారం. ఎవరో ఇంట్లోవాళ్ళు కనిపెట్టాలి. పేరు సరిగ్గా చెప్తే ముసుగు తీసెయ్యాలి. అట్రాక్టా తలుపు తీసింది. బయట తెల్ల దుప్పటి కప్పుకుని ఒక దయ్యం నిలబడి ఉంది. కళ్ళ దగ్గర రెండు కన్నాలు, ఒకటి కాస్త కిందికి.

దయ్యం దగ్గింది.

పదిహేడు మందిమి ఉన్నాం, ఆ దగ్గు తెలియనిది నాలుగు నెలల పాపకి ఒక్కదానికే. దయ్యం కిందికి చూసి, గడప మీద అడుగు పడకుండా, ఒక్క అంగలో దాటి లోపలికొచ్చింది. ఖాళీ కుర్చీ ఒకటే ఉంది. వెళ్ళి దాన్లో కూర్చుంది.

అప్పుడు నాకు తెలిసింది వాడు ఎందుకిలా వచ్చాడో. బతికుండగా రానన్నాడు. పోయినవాళ్ళు వచ్చే రాత్రి, పోయినవాళ్ళ కుర్చీలో, దయ్యమై వచ్చాడు. ఒట్టు ఒట్టుగానే ఉంది. దేవుడు ఒట్టులోని మాటలు చూస్తాడో, వేసిన మనిషిని చూస్తాడో నాకు తెలియదు. దుప్పటి లోపలికి కూడా చూస్తాడని మాత్రం తెలుసు.

ఇప్పుడు ఎవరైనా పేరు చెప్తే వాడు దుప్పటి తీయాలి. తీస్తే బతికున్న మలకీ అయిపోతాడు, లేచి వెళ్ళిపోతాడు, ఇంకెప్పుడూ రాడు.

"పోస్ట్‌మాస్టరేమో," అన్నాడు పక్కింటి ప్యాకీ. పోస్ట్‌మాస్టరు అతని పక్కనే కూర్చుని రొట్టె తింటున్నాడు.

దయ్యం తల అడ్డంగా ఊపింది.

"పోప్ గారు కావచ్చు," అంది నోనీ అత్తయ్య.

"రోమ్ నుంచి ఈ వానలోనా?" అన్నాడు ప్యాకీ.

"ఆయనకి పనేముంది పాపం."

దయ్యం దానికీ తల అడ్డంగానే ఊపింది. నా మనవరాలు ఓర్లాకి ఆరేళ్ళు, మంత్రగత్తె వేషంలో ఉంది. నా చొక్కా పట్టి లాగింది.

"తాతయ్యా, ఆ బూట్లు మలకీ తాతయ్యవి. ఎడమదానికి సైకిల్ ట్యూబు ముక్క అంటించి ఉంది," అని గుసగుసగా చెప్పింది.

"దయ్యానికి బూట్లెవరిచ్చారో నీకెందుకే, బయటంతా బురద," అంది అత్తయ్య. ఆమెకి చెవుడు. వినాల్సినవి వినిపిస్తాయి.

"అయితే పేరు చెప్పెయ్యనా?"

"వద్దమ్మా. చెప్తే వెళ్ళిపోతాడు," అన్నాను.

ఓర్లా టోపీ సర్దుకుని కాసేపు ఆలోచించింది. దయ్యం ముందుకెళ్ళి నిలబడింది.

"నువ్వు మా టీచరువి," అంది గట్టిగా.

దయ్యం చాలాసేపు తల అడ్డంగా ఊపింది.

రొట్టె కోసే ముందు ఇంటిపెద్ద పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెప్తాడు. చెప్పాను. ఆ తర్వాత నాన్న కుర్చీ వైపు తిరిగి వాళ్ళని పలకరించడం కూడా ఆచారమే. ఏటా "బాగున్నావా నాన్నా, గడ్డి కోతలు అయిపోయాయి" లాంటిదేదో అంటాను.

"నాన్నా," అన్నాను. "ఆ రోజు మూత ఇరవై నిమిషాల తర్వాత వేయించినా పూజ అందేది. ఫాదర్ ఆగుతానన్నాడు. అందరిముందూ ఆలస్యమవుతుందని నాకే తొందర. ఆవు తప్పు కాదు, వాడి తప్పూ కాదు. నాది."

అట్రాక్టా టీ పోసింది. దయ్యం కప్పుని దుప్పటి లోపలికి తీసుకుంది. ఖాళీ కప్పు బయటికొచ్చింది. లేచి, దాన్ని కడిగి, అల్మారాలో వెనక వరస మూడో మేకుకి తగిలించింది. ఆ మేకు ఇంట్లో పెరిగినవాళ్ళకే తెలుసు. మళ్ళీ గడప దాటి వెళ్ళిపోయింది.

మర్నాడు కుర్చీ గోడ దగ్గరికి జరపబోతే అట్రాక్టా వద్దంది. "నవంబరు నెలంతా పోయినవాళ్ళదే కదా," అంది. ఆ మాట నిజమే, చర్చి కూడా అదే చెప్తుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి దయ్యం వచ్చింది. పట్టపగలు, రోడ్డు వెంట నడుచుకుంటూ. ఎదురైన ప్యాకీ వాన గురించి రెండు మాటలు మాట్లాడి పంపాడట. మరుసటి ఆదివారం కూడా వచ్చింది. ఆపై ఆదివారం కూడా. మాంసం ముక్కలు దుప్పటి లోపలికి వెళ్ళేవి. సోమవారం వాడి కంచె మీంచి ఆ దుప్పటి తెచ్చి ఉతకడం అట్రాక్టా పని.

నెలలో ఆఖరి ఆదివారం కూడా వచ్చి కూర్చుంది. వచ్చే వారం డిసెంబరు.

ఓర్లా కూడా లెక్క వేసుకున్నట్టుంది. "తాతయ్యా, దయ్యాలకి డిసెంబరులో సెలవా?" అంది.

"అవుననుకుంటా."

"ఇప్పుడు పేరు చెప్పనా?"

నేను అట్రాక్టా వైపు చూశాను. ఆమె దయ్యం వైపు చూసింది. దయ్యం ఫోర్కు కింద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. లేచి వెళ్ళలేదు.

"చెప్పు," అన్నాను.

"నువ్వు మలకీ తాతయ్యవి."

ఆట ఆటే. మలకీ దుప్పటి తీసి, మడతపెట్టి, కుర్చీ వీపున వేశాడు. జుట్టు బాగా నెరిసింది.

"కనిపెట్టడానికి నెల పట్టిందా నీకు? బడిలో ఏం నేర్పుతున్నారు?" అన్నాడు ఓర్లాతో.

తర్వాత నావైపు తిరిగాడు. ఒట్టు గుర్తు చేయాలా అని నాకొక్క క్షణం అనిపించింది.

"ఉప్పు ఇటియ్యి," అన్నాడు.

ఇచ్చాను.